పొలి చల్లేముందు రక్తపు చుక్క చూడండి

మందలో జీవాలు ఒకదాని వెంట ఒకటి నీరసించి పడిపోతుంటే, అమ్మవారు ఆగ్రహించిందన్న మాటే చాలా ఊళ్లలో ముందు వినిపిస్తుంది. పొట్టేలును కోసి, రక్తం కలిపిన అన్నంతో మంద చుట్టూ పొలి చల్లుతారు. కొన్నిచోట్ల ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెడతారు. కొన్ని జీవాలు బతుకుతాయి. అవి మొక్కు ఫలితమంటారు. చచ్చినవాటికి మొక్కు ఆలస్యమైందంటారు. ఏం జరిగినా తానే నిజమనిపించుకునే నమ్మకాన్ని ఏ పరీక్షతో తేల్చగలం?

కాపరి చూపు మాత్రం చులకన చేయదగింది కాదు. పొలిమేర దాటాకే మంద జబ్బుపడిందన్న గమనిక చాలాసార్లు సరైనదే. పిడుదులు అంటించే అనాప్లాస్మా ఓవిస్ అనే బ్యాక్టీరియా గొర్రె ఎర్ర రక్తకణాల్లో చేరి, పైకి ఏ లక్షణమూ చూపకుండా నెలల తరబడి ఉండిపోగలదు. ఎండలో దూరపు నడక, మేత కరువు, మరో జబ్బు జీవం సత్తువను తీసేసినప్పుడు జ్వరం, రక్తహీనత బయటపడతాయి. జబ్బుకు సంబంధం వలసతోనే, పొలిమేర దేవతతో కాదు.

కనురెప్ప లోపల పాలిపోయి ఉన్నంత మాత్రాన అనాప్లాస్మా అని కూడా అనలేం. రక్తం పీల్చే నట్టలున్నా అలాగే పాలిపోతుంది. అందుకు పెంటికలు పరీక్షించి గుడ్లున్నాయేమో చూడాలి. అనాప్లాస్మా ఉందేమో తేల్చడానికి చెవి అంచున చుక్క రక్తం తీసి, స్లైడు మీద పలచగా పరిచి, జీమ్సా రంగు వేసి, సూక్ష్మదర్శినిలో వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే ఎర్ర కణాల అంచుల్లో ముదురు చుక్కలు కనిపించవచ్చు. అవి ఒకటీ అరా కనిపిస్తే జబ్బుకు అవే కారణమని తీర్పు చెప్పకూడదు. అసలు కనిపించకపోయినా బ్యాక్టీరియా లేదని కాదు, అప్పుడు దాని జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి. ఈ తేడా తేలకపోతే వైద్యం గురి తప్పుతుంది: నట్టల మందు ఈ బ్యాక్టీరియాను చంపదు, ఈ బ్యాక్టీరియాకు వాడే యాంటీబయాటిక్ టెట్రాసైక్లిన్ నట్టలను చంపదు.

కాపరి చూపును పరీక్షకు పెడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. దక్షిణాఫ్రికాలో గొర్రెలను, మేకలను చంపే హార్ట్‌వాటర్ జబ్బుకు పిడుదులే కారణమని అక్కడి రైతుల్లో కొందరు 19వ శతాబ్దంలోనే అనుమానించారు. 1900లో శాస్త్రవేత్త చార్లెస్ లౌన్స్‌బరీ ఆ అనుమానాన్ని ప్రయోగంతో రుజువు చేశాడు. 1925లో ఎడ్మండ్ కౌడ్రీ ఆ జబ్బు కలిగించే సూక్ష్మజీవినే చూపించాడు. మందను కనిపెట్టుకుని ఉన్నవాళ్ల అనుమానం పరీక్షకు నిలిచింది కాబట్టే అది జ్ఞానమైంది.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. ఇంత సంపద ఉన్నచోట పశువైద్యశాలలో సూక్ష్మదర్శినీ, దాన్ని చూడగలిగిన మనిషీ ఉండాలని గొర్రెల కాపరుల సంఘాలు గట్టిగా అడగాలి. కాపరులకు నా విన్నపం ఒక్కటే: పొట్టేలును కోయడానికి ముందు జబ్బుపడ్డ జీవాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడకముందే రక్తం తీయించండి.