చదువు అడ్డు కాదు, చిరునామాయే చిక్కు

ఆరంబాక్కం రైల్వేస్టేషను దాటితే తడ. ఇది తిరువళ్లూరు జిల్లా, అది 2022 నుండి తిరుపతి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పడి, 1960 ఏప్రిల్ 1 నాటి సర్దుబాట్లతో స్థిరపడిన సరిహద్దు ఇది. పెళ్లిసంబంధాలకు, కూలిపనులకు, చదువులకు ఈ గీత ఏనాడూ అడ్డు రాలేదు. వికలాంగ విద్యార్థి పింఛను దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది గోడగా నిలుస్తున్నది.

బిడ్డను వసతిగృహంలో చేర్చి పూర్తికాలం చదివిస్తే పింఛను ఆగిపోతుందేమోనన్న భయం పల్లెల్లో ఉన్నది. ఈ భయానికి ఆధారం లేదు. పింఛనుకు కొలమానాలు వైకల్య శాతం, కుటుంబ ఆర్థిక స్థితి, నివాసం. చదువు అనర్హత కాదు. బ్రిటన్‌లో సైతం వైకల్యం వల్ల కలిగే అదనపు ఖర్చులకిచ్చే భత్యం పూర్తికాల విద్యార్థులకు అందుతుంది. చదువుకునే బిడ్డకు ఊతకర్ర ఖర్చు తగ్గదు, ఆటో ఖర్చు పెరుగుతుంది.

అసలు తేడా మొత్తాల్లో ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు పెరిగింది. తమిళనాడులో 2023 జనవరి నుండి అది 1,000 నుండి 1,500 అయింది. తీవ్ర వైకల్యం గలవారికి 2,000 రూపాయల నిర్వహణ భత్యం వేరుగా ఉన్నది. ఇలాంటి సాయం ఇతరులకిచ్చే దానికన్న కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. 2023లో తమిళనాడు వృద్ధాప్య పింఛను 1,200 అయింది. దానిపై 25 శాతం కలిపితే సరిగ్గా 1,500. చట్టం చెప్పిన కనీసమే అక్కడ గరిష్ఠమైనది.

ఈ తేడాను చూసి రేషన్ కార్డును అటు మార్చుకోవాలన్న ఆశ కలగడం సహజం. కాని ఉన్నది ఒకచోట, కార్డు మరొకచోట అయితే ఆధార్ పరిశీలనలో రెండు వైపులా నష్టపోయే ప్రమాదమున్నది. అటువైపు కుటుంబాలకు మరో చిక్కు. అక్కడ పింఛను ఇంటివద్ద ఇస్తారు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో బకాయితో కలిపి పొందవచ్చు. ఆ నెల కూడా తప్పితే నిలిచిపోతుంది. దూరాన చదివే వికలాంగ విద్యార్థులకు బ్యాంకు ఖాతాలో జమచేయాలని 2024 చివరలో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ వెసులుబాటును అడిగి నమోదు చేయించుకోవాలి. 2025లో జరిగినట్టి వైకల్య పునఃపరిశీలనకు పిలుపు వస్తే, కళాశాలకు సెలవు పెట్టించి అయినా బిడ్డను తీసుకెళ్లక తప్పదు.

సరిహద్దు దాటి చెల్లేది ఒకటున్నది. చట్టప్రకారం పొందిన వైకల్య ధ్రువపత్రానికి దేశమంతటా విలువ ఉన్నది. అందుకే ముందుగా యు.డి.ఐ.డి. కార్డు చేయించుకోవాలి. 40 శాతం, ఆపై వైకల్యమున్నవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించాలి. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలకు మించకుంటే 9వ తరగతి నుండి పి.జి. వరకు కేంద్ర ఉపకార వేతనానికి దరఖాస్తు చేయవచ్చు. పింఛను వేరు, ఉపకార వేతనం వేరు. ఒకటి పొందితే మరొకటి పోదు. అయితే ఒకే చదువుకు రెండు ఉపకార వేతనాలు కుదరవు.

ధ్రువపత్రం గీత దాటుతున్నది, పైకం మాత్రం దాటడం లేదు. కేంద్రం 2009లో ప్రారంభించిన పింఛను దేశమంతటా ఒక్కటే అయినా, అది 80 శాతం వైకల్యం గల, 18 ఏళ్లు నిండిన పేదలకు నెలకు 300 రూపాయలుగా నిర్ణయమైనది. ఆ కనీస వాటా పెరిగితే తప్ప గీతకు ఇరువైపులా ఉన్న పిల్లల నడుమ అంతరం తగ్గదు. అంతవరకు కుటుంబాలు చేయగలిగింది ఒక్కటే: ఒకే చిరునామాను నిలుపుకొని, పింఛను భయంతో బిడ్డ చదువును ఆపకుండుట.