ఓడ జాబితాల్లోని తెలుగు పేర్లు: వంశచరిత్ర పరిశోధన పట్ల తెలుగు శాఖల ఉపేక్ష

ప్రవాసాంధ్ర అధ్యయనం అనగానే విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు స్ఫురించేవి కవితాసంకలనాలు, కథాసంపుటాలు, ఉగాది ప్రత్యేక సంచికలు. విదేశంలో స్థిరపడి కలం పట్టినవారిపై సిద్ధాంత వ్యాసాలు వస్తున్నాయి, రావలసిందే. అయితే పందొమ్మిదవ శతాబ్దంలో ఒప్పంద కూలీలుగా సముద్రం దాటిన తెలుగువారిలో అత్యధికులు గ్రంథాలు రాయలేదు. ఓడ ఎక్కేటప్పుడు గుమాస్తా నమోదు చేసిన ఒక్క వరుసే వారి గురించి మిగిలిన లిఖిత సాక్ష్యం. ఆ వరుసను చదవడం తెలుగు పరిశోధకుని విధి కాదన్న భావన శాఖల్లో పాతుకొని ఉన్నది. ఈ వ్యాసం ఖండించదలచినది ఆ భావననే.

మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నాటి నుండి 1911 వరకు నేటాల్‌కు చేరిన భారతీయ ఒప్పంద కూలీల సంఖ్య సుమారు 1,52,000. వారి జాబితాల్లో క్రమసంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఎత్తు, శరీరంపై ఆనవాళ్లు నమోదయ్యాయి. 1834 నుండి మారిషస్‌కు వెళ్లినవారు నాలుగున్నర లక్షలకు పైమాటే. వారి వలస దస్త్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఈ జాబితాల్లో భాషకు గడి లేదు. మద్రాసు రేవులో ఎక్కిన తమిళుడూ తెలుగువాడూ ఒకే పుటలో పక్కపక్కనే ఉంటారు. ఎవరు తెలుగువారో తేల్చవలసింది పేరును, గ్రామాన్ని బట్టే. ‘నాయుడు’ అన్న ఒక్క మాటను ఆధారం చేసుకొని తీర్మానించడానికి వీలులేదని ఉభయ భాషల సామాజిక చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ఈ దస్త్రాలను నేడు శ్రద్ధగా చదువుతున్నవారిలో ముఖ్యులు ఆ కూలీల వారసులు, వారు ఏర్పరచుకొన్న వంశచరిత్ర సంఘాల సభ్యులు. తాత ముత్తాతల వివాహ పత్రాలు, మరణ పత్రాలు సేకరించి, తరానికొక మెట్టుగా వెనక్కి నడిచి, చివరకు ఓడ సంఖ్యను పట్టుకోగలుగుతున్నారు. వారి ఓర్పు ప్రశంసనీయం. కాని ఆ ప్రయాణం తరచు గ్రామం పేరు దగ్గర ఆగిపోతుంది. జాబితాలో ‘గంజాం’ జిల్లా అని ఉంటే వారసుడు నేటి ఒడిశాకు వెళ్లి వెదుకుతాడు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు గంజాం నుండి విడివడి విశాఖపట్నం జిల్లాలో చేరిన సంగతి, 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయిన సంగతి అతనికి ఎవరు చెప్పాలి? ‘చికాకోల్’ అంటే శ్రీకాకుళమనీ, ‘బిమ్లిపటం’ అంటే భీమునిపట్నమనీ తెలిసినా సమస్య తీరదు. కొత్తపేటలు, కొత్తూరులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది తన ఊరో నిర్ణయించడానికి ఠాణా పేరును, పొరుగు గ్రామాలను, స్థానిక ఉచ్చారణను కలిపి చూడగల భాషాజ్ఞానం కావాలి.

పేర్ల విషయం ఇంకా జటిలమైనది. పల్లె ఉచ్చారణ ఒకటి, పరభాషా గుమాస్తా విన్నది ఒకటి, రోమన్ లిపిలో రాసినది మరొకటి. ళకార లకారాల భేదం, హ్రస్వ దీర్ఘాల భేదం ఆ లిపిలో కలిసిపోయాయి. ఇంటిపేరు చేరక, నాటి వ్యక్తినామమే మనుమల నాటికి ఇంటిపేరుగా స్థిరపడిన సందర్భాలు దక్షిణాఫ్రికాలో సర్వసాధారణం. అక్కడి ‘అప్పల్సామి’ అటువంటిదే. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొనే ఆచారం ఉత్తరాంధ్రలో ఎంత గాఢమో తెలిసిన పరిశోధకునికి ఆ ఒక్క పేరు వెదకవలసిన దిక్కును చూపుతుంది. తెలియనివానికి అది అర్థంలేని అక్షరాల వరుస.

ఇది పాఠ పరిష్కరణ సమస్య. లేఖక ప్రమాదాలను గుర్తించడం, పాఠాంతరాలను తూచడం, స్ఖలిత రూపం నుండి మూలరూపాన్ని ఊహించడం తెలుగు పండితులకు కొత్త కావు. అమరావతి శాసనంలోని ‘నాగబు’ అన్న ఒక్క పదాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించగా తరతరాల పండితులు దానిపై చర్చించారు. శాసనాల్లోని దాతల పేర్లను, గ్రామనామాలను భాషాచరిత్రకు ఆకరాలుగా స్వీకరించిన శాస్త్రం, ఓడ జాబితాలోని కూలీ పేరును ఎందుకు స్వీకరించదు? రాతిపై చెక్కిన పేరు ఆకరమైతే, కాగితంపై గీకిన పేరు కాకపోవడానికి శాస్త్రీయ కారణం లేదు. ఉన్నదల్లా దాన విక్రయాలు చేసినవాని పేరుకు, తానే సరుకై ఓడ ఎక్కినవాని పేరుకు మధ్య పాటించిన అంతరం.

దీనికి వచ్చే ఆక్షేపణలు రెండు. మొదటిది, జాబితాలు విశ్వసనీయం కావని. కొందరు పేరు మార్చి చెప్పి ఉండవచ్చు, కులం మార్చి చెప్పి ఉండవచ్చు. నిజమే, పరిష్కర్త అవసరమైనదే అందువల్ల. ప్రక్షిప్తాలున్నాయని ఏ కావ్యాన్నీ ఎవరూ పారవేయలేదు. రెండవది మరింత బలమైనది: కులం గడిని బయటపెడితే నేటి వారసులకు హాని కలుగవచ్చునని. ఈ ఆక్షేపణను తోసిపుచ్చరాదు. వ్యక్తుల కులాన్ని వారసుల అనుమతి లేకుండా ప్రకటించకపోవడం పరిశోధన నియమం కావాలి. అయితే ఆ జాగ్రత్త పద్ధతికి సంబంధించినది. పరిశోధనను మానుకోవడానికి అది సాకు కారాదు.

వంశచరిత్ర సంఘాలు కూడా విమర్శకు అతీతం కావు. తమ పూర్వికులను ‘మార్గదర్శకులు’, ‘తొలి నిర్మాతలు’ అని కీర్తించే ధోరణి వాటిలో ఉన్నది. చెరకు తోటల్లో ఒప్పందానికి కట్టుబడి గడిపిన సంవత్సరాలను ఆ కీర్తన కప్పివేస్తుంది. అయినా స్వదేశంలో అచ్చవుతున్న వంశవృక్షాల కంటే ఆ జాబితాలు ఒక విషయంలో మెరుగు. ఇక్కడి వృక్షాల్లో కొమ్మలన్నీ పురుషులవే. కూతుళ్లు కనిపించరు, కోడళ్లు పేరు లేకుండా వచ్చిపోతారు. ఓడ జాబితాలో స్త్రీకి తన పేరుతో, తన తండ్రి పేరుతో, తన గ్రామంతో ఒక వరుస ఉన్నది. ఆ వరుస గౌరవంతో ఇచ్చినది కాదు, లెక్క కోసం రాసుకొన్నది. కాని సామాన్య తెలుగు స్త్రీల పేర్లను అధ్యయనం చేయదలచినవారికి దానికి సాటివచ్చే ఆకరాలు అరుదు.

2024లో భారత ప్రభుత్వం మారిషస్‌లోని భారతీయ సంతతికి ఏడవ తరం వరకు ఓసీఐ కార్డు అర్హతను ప్రకటించింది. అంటే ఒక పేరును సరిగా చదవడం ఇప్పుడు ఒక కుటుంబపు హక్కుకు సంబంధించిన విషయం కూడా. తెలుగు శాఖలు చేయవలసినవి స్పష్టం: జాబితాల్లోని తెలుగు పేర్లకు పాఠాంతరాలతో కూడిన నామసూచి, గ్రామనామాలకు పాత, కొత్త జిల్లాల సమన్వయ పట్టిక, ఒక్కొక్క ఓడ జాబితాకు సవ్యాఖ్యాన పరిష్కరణను పిహెచ్.డి. అంశంగా అంగీకరించడం. గ్రామనామాలపై ఇప్పటికే వెలువడిన సిద్ధాంత వ్యాసాలు వ్యుత్పత్తి దగ్గర ఆగిపోయాయి. ఆమదాలవలస, కొత్తవలస వంటి పేర్లలోని ‘వలస’ శబ్దాన్ని వివరించిన పరిశోధన, ఆ ప్రాంతం నుండి సముద్రం మీదుగా సాగిన వలసను కూడా వివరించాలి. ఊరి పేరు వెదుక్కొంటూ వచ్చిన వారసునికి దారి చూపలేని నామవిజ్ఞానం ఎన్ని పట్టాలు సంపాదించి పెట్టినా అసంపూర్ణమే.