సందు ఉంది కదా అని...

కూడలిలో ఎర్రదీపం వెలుగుతుంది. బస్సులు, లారీలు, కార్లు ఒకదాని వెనుక ఒకటి ఆగుతాయి. అవి ఆగీ ఆగకముందే వాటి నడుమ ఉన్న సందుల్లోకి మోటారు సైకిళ్లు దూరుతాయి. అద్దాలకు తగలకుండా హ్యాండిలును అటూ ఇటూ తిప్పుకుంటూ అన్నింటికంటే ముందుకు చేరుకుంటాయి. బెంగుళూరు, చెన్నై, పుణె, భువనేశ్వర్ - మీరు ఏ నగరానికి వెళ్లినా ఈ దృశ్యం కొత్త కాదు. మీలో చాలామంది నాన్న వెనుకనో అన్న వెనుకనో కూర్చుని ఇలా వెళ్లే ఉంటారు. ఇది తెలివా? తప్పా? కాస్త ఆలోచిద్దాం.

ముందుగా సందుల్లో వెళ్లేవారి వాదన విందాం. అందులో న్యాయం లేకపోలేదు. కారులో ఉన్నవారికి నీడ ఉంటుంది. మోటారు సైకిలు మీద ఉన్నవారు ఎండలో, వానలో, లారీ పొగలో నిలబడాలి. బండ్ల వరుస చివర ఆగితే వెనుక నుంచి వచ్చే వాహనం గుద్దుతుందేమోనన్న భయం కూడా ఉంటుంది. సన్నని బండి సన్నని దారిలో ముందుకు పోతే ఎవరికి నష్టం అని వారు అడుగుతారు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ పద్ధతిని అంగీకరించింది. అక్కడ 2016లో చేసిన చట్టం 2017 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు 2015లో బర్క్‌లీలోని విశ్వవిద్యాలయ పరిశోధకులు మోటారు సైకిలు ప్రమాదాలను పరిశీలించారు. చుట్టూ ఉన్న వాహనాల వేగం గంటకు 80 కిలోమీటర్లు మించకుండా, వాటికంటే మోటారు సైకిలు వేగం సుమారు 24 కిలోమీటర్లకు మించి ఎక్కువ కాకుండా ఉంటే ఇలా వెళ్లడం కొంతవరకు సురక్షితమేనని వారు తేల్చారు. ఇందులోని షరతును గమనించండి. వారు సందుకు అనుమతి ఇవ్వలేదు, వేగానికి హద్దు గీశారు.

ఆ హద్దును పాటించినంత మాత్రాన మన రోడ్ల మీద అది సరిపోతుందా? సరిపోదని నా అభిప్రాయం. ఒక చిన్న లెక్క చూడండి. పెద్ద రోడ్డు మీద ఒక్కొక్క వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. బస్సు వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. రెండు బస్సులు తమ తమ వరుసల మధ్యలో సరిగ్గా నిలిచినా వాటి నడుమ మిగిలేది ఒక మీటరు. మోటారు సైకిలు హ్యాండిలు వెడల్పు ముప్పాతిక మీటరు ఉంటుంది. ఇక అటూ ఇటూ మిగిలేది చెరి అరజానెడు. బస్సుల అద్దాలు ఆ కాస్త చోటులోకి కూడా చొచ్చుకు వస్తాయి. పైగా మన రోడ్ల మీద ఏ బండీ గీతల మధ్య కదలకుండా నిలవదు.

మరొక సంగతి. లారీ డ్రైవరు కుడివైపు ఎత్తులో కూర్చుంటాడు. లారీ ఎడమ ముందు చక్రం పక్కన ఏముందో అతని కంటికి సరిగా ఆనదు. ఆ లారీ ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిన పోవు, ఇంకా లోపలికి వస్తాయి. సందులో ఉన్నవాడికి అప్పుడు వెనక్కు దారి ఉండదు.

చట్టం ఏమంటున్నది? మన దేశంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, గీతలు గీసిన రోడ్డు మీద ఎవరి వరుసలో వారు నడపాలి. వరుస మారేముందు సంజ్ఞ చేయాలి. చట్టానికి విరుద్ధంగా ఇతర వాహనాలను దాటి పోవడాన్ని 2019 సవరణ ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది. కాబట్టి 'అందరూ వెళ్తున్నారు' అన్నది చట్టం ముందు జవాబు కాదు.

ఇదంతా నాకు పుస్తకాల వల్ల మాత్రమే తెలియలేదు. కొన్నేళ్ల క్రితం మా మేనల్లుడి బండి మీద హోసూరు నుంచి బెంగుళూరుకు ఒక పెళ్లికి వెళ్తున్నాను. అప్పటికే ఆలస్యమైంది. ఒక సిగ్నలు దగ్గర బస్సు ఆగి ఉంది. దానికీ కాలిబాటకూ నడుమ సందు కనిపించింది.

"ఇరుకుగా ఉంది మామయ్యా" అన్నాడు వాడు.

"సందు ఉంది కదరా, పోనీ" అన్నది నేనే.

మేము బస్సు తలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దావిడ చేతి సంచితో కిందికి దిగింది. వాడు బ్రేకు నొక్కాడు. మా వేగం కూడా ఎక్కువ కాదు. అయినా హ్యాండిలు తగిలి ఆమె పడిపోయింది. మణికట్టు ఎముక విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టించాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "కూలికి పోయే చెయ్యి నాయనా" అని మాత్రం అన్నది. స్టాపు కానిచోట దిగడం ఆమె పొరపాటే కావచ్చు. కానీ మేము రావడం ఆమెకు ఎలా తెలుస్తుంది? సందు ఉందని చూశాను గాని, ఆ సందులో మరొకరికి పని ఉండవచ్చునని నేను ఆలోచించలేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. ఇవన్నీ సందుల్లో జరిగిన ప్రమాదాలు కావు. అయినా రోడ్డు మీద వీరికి రక్షణ ఎంత తక్కువో ఈ లెక్క చెబుతున్నది. తక్కువ రక్షణ ఉన్నవాడికి ఎక్కువ జాగ్రత్త అవసరం గదా!

తప్పంతా మోటారు సైకిళ్లవారిదే అనడం న్యాయం కాదు. బస్సులు స్టాపులోనే ఆగి తలుపు తెరవాలి. లారీలు వరుస తప్పకూడదు. కూడళ్లలో ఆగే గీతకు ముందు ద్విచక్ర వాహనాలకు వేరుగా చోటు, అక్కడికి చేరడానికి ఒక దారి గీసి చూపితే సందులు వెతుక్కునే అవసరం తగ్గుతుంది. ప్రభుత్వాలు ఈ పని చేయాలి. అంతవరకు మన వంతు మనం చేయాలి.

మీకు ఇంకా లైసెన్సు తీసుకునే వయస్సు రాలేదు. హ్యాండిలు మీ చేతిలో లేదు. కానీ వెనుక కూర్చున్నవారి మాటకు ఎంత బలం ఉంటుందో ఆ రోజు నా మాటే నాకు నేర్పింది. నేను 'పోనీ' అన్నాను, బండి పోయింది. రేపు నాన్న బండి సందు వైపు తిరిగినప్పుడు "ఇక్కడే ఆగుదాం నాన్నా" అని మీరు అనండి. ఆ మాటతో బండి ఆగవచ్చు.