ఊర్మిళాదేవి నిద్రయు, ఒక బొమ్మల కుటుంబమును



మన పెద్దలు పాడుకొనెడి స్త్రీల పాటలలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ యొకటి. భర్త తన యన్న వెంట అడవికేగగా, ఊర్మిళ పదునాలుగేండ్లు అంతఃపురమున నిద్రించెనని అందలి కథ. లక్ష్మణుడు తిరిగివచ్చునప్పటికి లోకమున పదునాలుగేండ్లు గడచినవి. ఆమెకు మాత్రము అది యొక దీర్ఘరాత్రి. అందుకనియే వచ్చినవాడెవరో గుర్తింపలేక ఆ యిల్లాలు మొదట అతనిని గద్దించినది.

ఈ నెల నేను ముచ్చటింపదలచినది అట్టి నిద్రయే నిద్రించి లేచిన మరియొక కుటుంబమును గూర్చి. అది రక్తమాంసములుగల కుటుంబము కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఎమరీవిల్ పట్టణముననున్న పిక్సార్ సంస్థవారు కంప్యూటరుతో సృష్టించిన బొమ్మల కుటుంబము. ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ అను వారి మొదటి చిత్రము 2004 నవంబరులో వెలువడినది. దాని చివర, నేలను దొలుచు యంత్రముతో దుష్టుడొకడు పైకి వచ్చి నగరమును బెదరించుచుండగా, తల్లి, తండ్రి, పిల్లలు ముసుగులు ధరించి పోరునకు సిద్ధపడుదురు. కథ అక్కడ ఆగినది. రెండవ చిత్రము 2018 జూన్ 15న అమెరికాలో విడుదలయ్యెను. అది సరిగా ఆ ఘట్టమునుండియే మొదలగును. మొదటి చిత్రమును తల్లి యొడిలో కూర్చుండి చూచిన ఆరేండ్ల బాలిక రెండవదానికి వచ్చునప్పటికి ఇరువది యేండ్ల యువతి. తెరమీది చంటిబిడ్డ మాత్రము ఇంకను చంటిబిడ్డయే.

ఈ యింటివారందరును అద్భుతశక్తులు గలవారు. కథారచయితయు దర్శకుడునగు బ్రాడ్ బర్డ్ ఆ శక్తులను ఊరక పంచిపెట్టలేదు. తండ్రి బాబ్ బలశాలి, ఇంటిభారము మోయవలసినవాడు గదా. తల్లి హెలెన్ శరీరము ఎటులైన సాగును, ఒకేమారు పదివైపులకు చేయి చాపవలసినది తల్లియే గనుక. ఎదుగుచున్న పిల్ల వయొలెట్ ఎవరికంటను బడక మాయమైపోగలదు, ఆ వయస్సులో ఆడపిల్ల కోరునది అదియే. పదేండ్ల బాలుడు డాష్ గాలికంటె వేగముగా పరుగెత్తును. చంటివాడు జాక్‌జాక్ ఏమి కానున్నాడో ఎవరికిని తెలియదు. తన వృత్తికిని, కుటుంబమునకును నడుమ తానుపడిన నలుగుబాటే మొదటి చిత్రమునకు మూలమని బర్డ్ చెప్పియున్నాడు.

మొదటి చిత్రమునకు ఉత్తమ బొమ్మల చిత్రముగా ఆస్కార్ బహుమానము వచ్చినది, ధనమును వచ్చినది. అట్టిచో రెండవదానికి ఇంత యాలస్యమేల? సాధారణముగా చిత్రము గెలిచినచో మూడేండ్లలో దానికి తోబుట్టువు పుట్టును. కాని బర్డ్ ఇతర కార్యములలో మునిగెను. ఎలుక వంటవాడైన కథను ‘రాటటూయి’ అను పేర 2007లో తెరకెక్కించెను. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమును కూల్చిన భూకంపముపై చిత్రము తీయుటకు కొన్ని యేండ్లు శ్రమించెను గాని అది రూపము దాల్చలేదు. బొమ్మలను విడిచి నటీనటులతో 2011లో ఒకటి, 2015లో మరియొకటి తీసెను. మొదటిదానికి దీటైన కథ దొరకినప్పుడే రెండవదానికి పూనుకొందునని ఆయన పట్టు. రెండవ భాగమునకు ప్రయత్నము సాగుచున్నదని డిస్నీ సంస్థ ప్రకటించినది 2014 మార్చిలో.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. రెండవ కథకు ప్రాణమైన తలంపు బర్డ్ మనస్సున చాల కాలముగా నున్నదే. వీరకార్యమునకు పిలుపు ఈ మారు భర్తకు గాక భార్యకు రావలెను, భర్త ఇంట నుండి పిల్లలను చూచుకొనవలెను. చంటివాని శక్తులు చూచువారికి తెలియును గాని తలిదండ్రులకు తెలియవు, అవి ఇంట బయటపడవలెను. ఈ రెండును మొదటినుండి చివరివరకు చెక్కుచెదరలేదు. శత్రువెవరు, వాని పన్నాగమేమి అను భాగము మాత్రము చిత్రము తయారగుచున్నంత కాలమును మారుచునే యుండెను.

అట్లు మారుచుండిన కథతో బొమ్మల చిత్రము చేయుట యెంత కష్టమో చెప్పెదను. మొదట రేఖాచిత్రములను వరుసగా గూర్చి, తాత్కాలికముగా మాటలు చేర్చి, చిత్రమంతయు ముతకగా చూచుకొందురు. నచ్చనిదానిని తీసివేసి మరల వ్రాయుదురు. పట్టుచీర నేయుటకు ముందు అంచును కాగితముమీద గీచికొనుట వంటిది ఇది. కాగితముమీద తుడుచుట సులభము, మగ్గముమీద విప్పుట దుర్భరము. పిమ్మట ఒక్కొక్క పాత్రను కంప్యూటరులో బొమ్మగా మలచి, దానికి కీళ్లు అమర్చి, కదలించి, బట్టలకును జుట్టునకును వేరుగా చలనము కల్పించి, వెలుగునీడలు దిద్దుదురు. చిత్రము నిడివి 118 నిమిషములు. సెకండునకు 24 బొమ్మల చొప్పున లెక్కించినచో సుమారు 1,70,000 బొమ్మలు. నెలల తరబడి ఒక దృశ్యమునకు పాటుపడిన పిమ్మట కథ మారినచో ఆ దృశ్యము చెత్తబుట్ట పాలగును.

మొదటి చిత్రపు బొమ్మలున్నవి గదా, వానినే వాడుకొనరాదా యని మీరడుగవచ్చును. ఆ బొమ్మలను నడపిన సాధనములు పదునాలుగేండ్లలో పూర్తిగా మారిపోయినవి. పాత బీరువా తాళముచెవి క్రొత్త తాళమునకు పట్టనట్లు, 2004 నాటి బొమ్మ ఏదియు క్రొత్త యంత్రములలో పనికిరాలేదు. అందరిని మొదటినుండి మరల మలచవలసివచ్చెను. ఇందువలన మేలును కలిగినది. వయొలెట్ పొడవాటి జుట్టును సహజముగా కదలించుట మొదటి చిత్రమునాడు వారికి విడదీయరాని చిక్కై, చాల కాలము బాధించినది. అప్పుడు చేతగానివి ఇప్పుడు చేతనైనవి. చిత్రకారులు మొదట కాగితముమీద గీచుకొన్న రూపములకు బొమ్మలు ఈ మారు మరింత దగ్గరగా వచ్చినవి. గొంతుల విషయమున మాత్రము కాలమును మోసగింపలేకపోయిరి. హెలెన్‌కు హాలీ హంటర్, వయొలెట్‌కు సారా వవల్ మరల గాత్రమిచ్చిరి. డాష్‌కు 2004లో గొంతునిచ్చిన బాలుడు పెరిగి పెద్దవాడైనందున వేరొక బాలుని వెదకవలసివచ్చెను. మన దేశపు హిందీ అనువాదమున హెలెన్‌కు గాత్రమిచ్చినది నటి కాజోల్.

ఇన్నేండ్లు తడసిన చిత్రమునకు కడపట తొందర తటస్థించుట విచిత్రము. విడుదలకు 2019 జూన్ 21 అని 2015లో నిర్ణయించిరి. అదే సంస్థలో తయారగుచుండిన ‘టాయ్ స్టోరీ 4’ అంతకు ఒక యేడు ముందు రావలసియుండెను. కాని ఆ పని వెనుకబడి, ఈ పని ముందున్నందున, 2016 అక్టోబరులో రెండింటి తేదీలను తారుమారు చేసిరి. ఉడికిన కూరను ముందు వడ్డింపుమనుట వంటిదే. పదునాలుగేండ్లు ఎదురుచూచిన చిత్రమునకు చేతిలోని యొక యేడు హఠాత్తుగా పోయినది. అట్టి యిరుకున కథలోని పైమెరుగులు ఎన్ని మారినను నిలిచినది ఆ యింటి కథయే. ప్రేక్షకులు మెచ్చినదియు దానినే. లోకమంతటను కలిపి ఆ చిత్రమునకు 124 కోట్ల డాలర్లకు పైగా వచ్చినది.

ఇక కథలోనికి వత్తము. హెలెన్ కొలువునకు బయలుదేరును. బాబ్ ఇంట నుండును. కుమారునికి లెక్కలు చెప్పబోవును, పాఠశాలలో లెక్కలు చేయు పద్ధతి మారినదని తెలిసి తల పట్టుకొనును. కుమార్తె మనస్సు నొప్పించును. చంటివాడు నిప్పై మండును, గోడలలో దూరును, మాయమగును. తండ్రికి రాత్రులు నిద్ర కరవగును. భార్య ఫోను చేసినప్పుడు మాత్రము అంతయు సవ్యముగా నున్నదని బొంకును. మరియొక ఘట్టమున హెలెన్ శత్రువుకై పొంచియుండగా ఇంటినుండి డాష్ ఫోను చేసి తన బూట్లు కనబడుటలేదనును. అంతటి వీరనారియు, అంతటి యపాయపు వేళను, మంచముక్రింద చూచితివా యని అడుగును! ఈ ఘట్టమునకు నవ్వని తల్లి యుండదు.

నేనును నవ్వితిని. కాని ఆ నవ్వు నన్ను కొంత దూరము వెంటాడినది. కారణము చెప్పెదను.

గత సంవత్సరము మా కోడలు ఉద్యోగపు శిక్షణకై పండ్రెండు దినములు పొరుగూరు వెళ్లవలసివచ్చెను. మా అబ్బాయి సెలవు పెట్టి ఇల్లు చూచుకొనెను. మూడవనాడు అన్నము మాడ్చెను. ఐదవనాటికి పప్పు కుదిరినది. మనుమరాలికి వంకరటింకరగా నైనను జడ వేయుట నేర్చెను. వీథివారందరును అతనిని మెచ్చుకొనిరి. నేను మా యూరినుండి ప్రతిదినము ఫోను చేసి, “నాయనా, అలసిపోవుచున్నావా? వేళకు తినుచున్నావా?” అని అడుగుచుంటిని. కోడలు తిరిగివచ్చిన పిమ్మట ఒకనాడు, “అత్తయ్యగారూ, తొమ్మిదేండ్లుగా నేనును ఆ పనులే చేయుచున్నాను. మీరొక్కనాడైన నన్నీ మాట యడిగితిరా?” అనెను. ఆమె నవ్వుచునే యనెను గాని నాకు నవ్వు రాలేదు.

ఈ చిత్రమును చూచువారిలో బాబ్ కష్టమునకు నవ్వి, జాలిపడి, తుదకు అతనిని గొప్ప తండ్రియని కొనియాడువారే మెండు. అతడు మంచి తండ్రియే, సందేహము లేదు. కాని మొదటి చిత్రము మొదలు ఆ పనులన్నియు హెలెన్ చేయుచునే యుండెను గదా. అప్పుడవి ఎవరి కంటను వీరకార్యములుగా కనబడలేదు. పురుషుడు కొలది దినములు చేసినప్పుడే అవి కథకు తగిన సాహసములైనవి. ఇందు చిత్రముది తప్పని నేననను. చిరకాలము కనబడక యుండిన పనిని కనబడునట్లు చేసినది ఆ చిత్రమే. తప్పు చూచెడి మన కన్నులది.

ఈ చిత్రమునకు ముందు ‘బావో’ అను ఎనిమిది నిమిషముల చిన్నచిత్రమును ప్రదర్శించిరి. బిడ్డ పెరిగి దూరమైన యొక చైనీయమాత చేసిన ఆవిరికుడుము ప్రాణము పోసికొని పసివాడగుట అందలి కథ. దానిని తీసిన డోమీ షీ చైనాలో పుట్టి కెనడాలో పెరిగినది. పిక్సార్ సంస్థలో చిన్నచిత్రమునకు దర్శకత్వము వహించిన మొదటి స్త్రీ ఆమెయే. కుడుమును ఎట్లు వత్తవలెనో, అంచు ఎట్లు మడువవలెనో ఆ చిత్రకారులకు చేసి చూపినది ఆమె తల్లి. 2019లో పెద్దచిత్రమునకు ఆస్కార్ తప్పిపోయెను గాని, ఈ చిన్నదానికి లభించెను. తల్లి చేతిపని అక్కడ విద్యగా గౌరవింపబడినందుకు నేను సంతసించితిని.

పిల్లలతో ఈ చిత్రము చూడదలచిన తల్లులకు ఒక హెచ్చరిక. కొన్ని ఘట్టములలో వెలుగు మిక్కిలి వేగముగా మినుకుమినుకుమనును. మూర్ఛవ్యాధి గలవారికి అది హాని చేయవచ్చునని 2018లో ప్రదర్శనశాలలలో ప్రకటనలు పెట్టించిరి. ఇంట అట్టి బిడ్డ యున్నచో వైద్యుని అడుగక చూపకుడు.

మూడవ చిత్రమును నిర్మింపనున్నట్లు 2024 ఆగస్టులో ప్రకటించిరి. అది ఎన్నడు వచ్చినను, ఆ యింటివారు నిద్ర లేచినట్లు వచ్చెదరు, వారికి వయస్సు రాదు. మన యింట అట్లు కాదు. తొమ్మిదేండ్లు గడచిన తొమ్మిదేండ్లే, అడుగవలసిన మాట అప్పుడే అడుగవలెను. నేనిప్పుడు ఫోను చేసినప్పుడు మొదట కోడలినే పిలిచి, “అమ్మా, తింటివా?” అని అడుగుచున్నాను. మొన్న అట్లు మాటలాడుచుండగా మనుమరాలు తన రిబ్బను కనబడుటలేదని కేకవేసినది. మా అబ్బాయి, “అమ్మ నడుగుము” అనలేదట. మంచముక్రింద తానే వెదకుచున్నాడని కోడలు చెప్పినది.