ఇవ్వడానికి ఇప్పుడే ముహూర్తం

మండపేట తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! "ముందు స్థిరపడనీ, నాలుగు డబ్బులు వెనకేసుకోనీ, దానధర్మాల సంగతి ఆ తర్వాత" అనే మాట మీ నోట తరచూ వింటున్నాను. ఆ మాట అనే ముందు మీ ఊరి ఆడపడుచును ఒక్కసారి తలచుకోండి.

డొక్కా సీతమ్మ గారు 1841లో పుట్టింది మండపేటలోనే. అందరికీ అన్నం పెట్టే ఆమె తండ్రిని ఊరు "బువ్వన్న" అని పిలిచేది. మెట్టినిల్లు లంకల గన్నవరం. గోదావరి పాయ దాటివచ్చే బాటసారులు ఏ అర్ధరాత్రి తలుపు తట్టినా అక్కడ విస్తరి పడేది. ఓసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఓ పెళ్లిబృందం నకనకలాడుతూ, "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు పెడతారు" అనుకోవడం చెవిన పడింది. అంతే! వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వంట చేయించాలని వెనుదిరిగారని కోనసీమ నేటికీ చెప్పుకుంటుంది. ఆమె రాణి కాదు, సేద్యం మీద నడిచే ఇంటి ఇల్లాలు. 2024లో మన రాష్ట్రం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టుకుంది.

కలిగినవారి దానమూ గొప్పదే. బర్మాలో కష్టించి సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ గారి కాకినాడ ధర్మనిధి వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చదువుకు ఆసరా అయింది. అయితే, దాతృత్వం ధనవంతుల సొత్తు కాదు. డబ్బివ్వడం, శ్రమదానం, ముక్కూమొహం తెలియనివారికి సాయం, ఈ మూడింటినీ చూసి దేశాలకు వరుస కట్టే ప్రపంచ సూచీలో 2015 నుంచి 2017 దాకా మొదట నిలిచింది పేద మయన్మార్. 2018లో ఇండోనేషియా.

ఎవరు ఎక్కువ ఇచ్చారన్నది ఇచ్చిన మొత్తం చెప్పదు, ఇచ్చాక చేతిలో మిగిలింది చెబుతుంది. కోటీశ్వరుడి లక్ష కంటే కూలితల్లి పిడికెడు బియ్యం బరువెక్కువ.

కాబట్టి లేవండి! పద్దెనిమిది నిండి, ఆరోగ్యంగా ఉంటే రక్తం ఇవ్వండి. ఆదివారం ఓ గంట వీధిలోని పిల్లలకు లెక్కలు చెప్పండి. మొదటి జీతం చేతికందిన రోజే అందులో ఒక పాలు పక్కన పెట్టండి. పుచ్చుకునేవాడి తల వంచకుండా ఇవ్వండి. పదివేల జీతంలో వంద తీయలేని చేయి, పది లక్షలొచ్చినా తీయదు. ఇచ్చే అలవాటు సంపదతో రాదు, సాధనతో వస్తుంది. ఆ సాధన ఈ రోజే మొదలుపెట్టండి!