ఉద్దానానికి తూటా కాదు, మత్తుసూది కావాలి

మార్చి వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో జీడిమామిడి పండ్ల వాసన కమ్ముకుంటుంది. ఎండ ముదరకముందే రాలిన పిక్కలు ఏరుకోవాలని ఇంటిల్లిపాదీ తోటకు బయల్దేరతారు. అదే వాసన పట్టుకుని ఎలుగుబంటి కూడా అదే తోటలోకి వస్తుంది. జీడి తర్వాత పనస ముగ్గుతుంది, దాని కోసమూ వస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. 2024 మార్చిలో అదే మండలంలోని అనకాపల్లి గ్రామం తోటల్లో ఇద్దరి ప్రాణాలు పోయాయి.

ఇలాంటి కబురు వచ్చిన ప్రతిసారీ పలాస బజారు నుంచి టెక్కలి కచేరీల దాకా ఒకే మాట తిరుగుతుంది: రైతు చేతికి తుపాకీ ఇస్తే సరి. ఆ మాట వెనక ఉన్న కోపం న్యాయమైనదే. 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు అమ్ముకుని ఏడాది గడుపుకునే కుటుంబం, ప్రాణభయంతో పంటను చెట్టు కిందే వదిలేసి ఇంట్లో కూర్చోలేదు. కానీ ఆ కోపం చూపే దారి మాత్రం తప్పు.

చట్టం రైతుకు తుపాకీ పూర్తిగా నిషేధించిందనుకోవడం పొరపాటు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలా కోసం మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు అడిగే వీలు కల్పించింది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే రకం నున్నటి గొట్టపు తుపాకీకీ అనుమతి ఇవ్వొచ్చు. అంటే లైసెన్సు దారి ఉంది. ఆ తుపాకీలో ఏం వేస్తారు, ఎవరు వేస్తారు, దాన్ని ఎవరి మీద పేలుస్తారు అన్న దగ్గరే అసలు చిక్కు.

పెద్ద జంతువును వేటాడే తూటాకు మెత్తటి మొన ఉంటుంది. లోపల సీసం, చుట్టూ రాగి తొడుగు, మొన దగ్గర మాత్రం సీసం బయటికి కనిపిస్తుంది. ఒంట్లో దిగగానే ఆ మొన నలిగి పువ్వులా విచ్చుకుంటుంది. తూటా దూసుకుపోకుండా లోపలే ఆగి, జంతువును అక్కడే పడేస్తుంది. ఈ రకం గుండుకు పేరు తెచ్చింది మన తూర్పు తీరానికి ఎగువన, కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధశాల. 1890లలో బ్రిటిష్ సైన్యం కోసం అక్కడ తయారైన ఆ గుండు ఎంత ఘోరమైన గాయం చేసిందంటే, ఒంట్లో విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్‌లో దేశాలు ప్రకటన చేశాయి. వేటలో మాత్రం అది మిగిలిపోయింది. జంతువు గాయంతో రోజుల తరబడి తిరగకుండా వెంటనే చావడమే మేలన్నది అక్కడి తర్కం.

అమెరికాలో చాలామంది వేటగాళ్లు ఈ తూటాలను ఇంట్లోనే కట్టుకుంటారు. పేల్చిన తూటా ఖాళీ గొట్టాన్ని శుభ్రం చేసి, కొత్త నిప్పుబిళ్ల అమర్చి, మందు తూచి పోసి, చేతిమర మీద గుండును దించుతారు. మెత్తటి మొనతో వచ్చే ఇబ్బంది అంతా ఇక్కడే. గుండును నొక్కే కడ్డీ సరిగ్గా మొన మీద ఆనితే సీసం చదునైపోతుంది. అందుకే అది మొనను తాకకుండా, కిందున్న వంపు భుజాన్ని పట్టి నొక్కేలా ఎంచుకుంటారు. గొట్టం మూతి లోపలి అంచును ముందే నునుపు చేస్తారు, లేకపోతే రాగి తొడుగు గీసుకుపోతుంది. గుండు కావలసిన దానికన్నా లోతుకు దిగితే లోపల చోటు తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే ఒక్కో తూటానూ కొలిచి చూస్తారు. వాళ్లకు తూకం పట్టికలు, కొలమానాలు, కాల్పుల మైదానాలు, తప్పు జరిగితే అడిగే వ్యవస్థ ఉన్నాయి. అంత ఓపిక పెట్టినవాళ్లకు కూడా ఒక్క పొరపాటు వేళ్లు తీసేయగలదు.

మన దగ్గర ఈ పని లైసెన్సు లేకుండా చేస్తే ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. శిక్ష సంగతి అలా ఉంచితే, నాటు తుపాకీలో కూరే మందుకు తూకం ఉండదు, సీసం గుండుకు కొలత ఉండదు. గొట్టం ఏ ఇనుముతో చేశారో పేలేదాకా తెలియదు. అది పేలి చీలినప్పుడు మొదటి దెబ్బ పట్టుకున్నవాడి ముఖానికే.

సరే, కొలతలన్నీ కుదిరాయనుకుందాం. పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారంలో తయారైన అసలు తూటానే చేతిలో ఉందనుకుందాం. అప్పుడైనా అది పిక్కలు ఏరే మనిషిని కాపాడుతుందా? ఎలుగు పులిలా పొంచి ఉండి మనిషిని వేటాడే జంతువు కాదు. చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు దాని తిండి. పొద కింద పడుకుని ఉండగానో, పిల్లల్ని వీపు మీద మోసుకెళ్తుండగానో మనిషి ఒక్కసారిగా ఎదురైతే బెదిరి మీదపడుతుంది, గోళ్లతో ముఖాన్ని చీరేస్తుంది. అదంతా కొన్ని అడుగుల దూరంలో, క్షణాల్లో అయిపోతుంది. తట్ట పట్టుకుని వంగి ఉన్న మనిషికి తుపాకీ ఎత్తే సమయం ఎక్కడిది? కంగారులో పేల్చినా ఆ తోటలోనే, ఆ చెట్ల వెనకే, ఇరుగుపొరుగు వాళ్లు పిక్కలు ఏరుతుంటారు. గురి తప్పిన గుండు వాళ్లకు తగలొచ్చు. గాయపడి పారిపోయిన ఎలుగు మర్నాడు పక్క ఊరి మీద పడొచ్చు.

ఇంటింటికీ తుపాకీ అన్న మాటను ఈ జిల్లా మరింత జాగ్రత్తగా వినాలి. 1967 అక్టోబరు 31న, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న లేవిడిలో భూస్వాముల పక్షం పేల్చిన తుపాకీకి ఇద్దరు గిరిజనులు బలయ్యారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఊళ్లో తుపాకీ చేరితే అది ఎలుగు వైపే గురిపెట్టి ఉంటుందని సిక్కోలులో ఎవరూ హామీ ఇవ్వలేరు. భూమి తగాదా, గట్టు తగాదా, ఎన్నికల తగాదా దానికి వేరే గురి చూపిస్తాయి.

తుపాకీ దొరకనిచోట తీగకు కరెంటు పెట్టడం ఇంకో తప్పుదారి. ఆ తీగ చీకట్లో నడిచే కూలీనీ ఆవునూ పోల్చుకోలేదు.

మరి ఏం చేయాలి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును మొదటి షెడ్యూల్లో పెట్టింది. 11వ సెక్షన్ ప్రకారం మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువును పట్టడం, మత్తు ఇవ్వడం, వేరేచోటికి తరలించడం వీలుకానప్పుడే చంపడానికి అనుమతి ఇస్తారు. అంటే చట్టమే మొదటి ఆయుధంగా మత్తుసూదిని చూపిస్తోంది. ఆ మొదటి ఆయుధం ఉద్దానంలో లేకపోవడమే ఇక్కడి అసలు అన్యాయం.

తూటా కట్టేవాడికి ఎంత ఓర్పు కావాలో మత్తుసూది నింపేవాడికి అంతకు రెట్టింపు కావాలి. ముందు ఎలుగు బరువును దూరం నుంచే అంచనా వేయాలి, పెద్ద మగ ఎలుగు నూరు కిలోలు దాటుతుంది. కెటమిన్, జైలజిన్ లాంటి మందులను ఆ బరువుకు తగ్గట్టు సిరంజిలోకి తీయాలి. సూది పక్కన ఉండే సన్నటి రంధ్రాన్ని చిన్న రబ్బరు తొడుగు మూసి ఉంచుతుంది. ఆ తొడుగు కాస్త జరిగినా మందు దారిలోనే కారిపోతుంది. వెనక గదిలో గాలి నింపాలి, ఆ ఒత్తిడే చర్మంలో గుచ్చుకున్న తర్వాత మందును లోపలికి తోస్తుంది. కొన్ని పదుల మీటర్ల దూరం నుంచి తొడ మీదో భుజం మీదో కొట్టాలి. తర్వాత మందు ఎక్కేదాకా నిమిషాల తరబడి జనాన్ని ఆపగలగాలి. అరుపులతో, రాళ్లతో రెచ్చిపోయిన జంతువుకు మత్తు సరిగ్గా ఎక్కదు. నల్లటి దట్టమైన బొచ్చున్న ఎలుగుకు ఎండలో మత్తు ఇస్తే ఒళ్లు వేడెక్కి ప్రాణం మీదికొస్తుంది. నీళ్లు, నీడ, విరుగుడు మందు, బోను, బండి అన్నీ పక్కనే ఉండాలి.

2022లో విశాఖ జంతు ప్రదర్శనశాల నుంచి బృందం వచ్చి మత్తు ఇచ్చి ఎలుగును పట్టింది. పట్టిన ఎలుగు కూడా బతకలేదు. పలాస నుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. కబురు అంది, అనుమతి వచ్చి, బండి కదిలి, బృందం చేరేసరికి రెండో దాడి జరగడానికి కావలసినంత సమయం ఉంటుంది. భయపడిన జనం కర్రలు పట్టుకోవడానికీ అంతే సమయం చాలు. ఆ గంటల్లోనే మనిషీ, ఎలుగూ ఇద్దరూ నష్టపోతున్నారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. మొక్క నాటి మళ్లీ కాపుకు తెచ్చుకోవడానికి ఈ రైతు ఏళ్లు పెట్టాడు. ఒకపక్క కిడ్నీ జబ్బు ఇంటింటినీ తినేస్తోంది. ఇన్నిటి మధ్య ఎలుగు నుంచి కాపాడుకునే పని కూడా అతని మీదే వేసి, కావాలంటే తుపాకీ కొనుక్కో అనడం ప్రభుత్వం తన బాధ్యతను అతని భుజం మీదికి తోసేయడమే.

రైతులు చేసుకోగల పనులు లేకపోలేదు. తోటలో పొదలు కొట్టి నేల కనిపించేలా ఉంచాలి. ఒంటరిగా, బాగా వెలుగు రాకముందు వెళ్లకుండా నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. పనస తొనల చెత్తను ఇళ్ల దగ్గర కుప్పలు పోయకూడదు. ఇవి ప్రాణాలు కాపాడతాయి. కానీ ఊళ్లోకి వచ్చి కూర్చున్న ఎలుగును ఇవేవీ పంపించలేవు.

అందుకే అటవీశాఖను, పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ఎమ్మెల్యేలను ఉద్దానం అడగవలసింది ఒక్కటే. వచ్చే జీడి కాలానికి ముందే పలాస పక్కనున్న కాశీబుగ్గలో ఒక పశువైద్యుడు, శిక్షణ పొందిన మత్తుతుపాకీ సిబ్బంది, మందులు, బోను, బండితో శాశ్వత బృందాన్ని పెట్టండి. ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఆ బండి కాశీబుగ్గలో సిద్ధంగా ఉండాలి.