మా ఫ్రిజ్ మీద ఎర్ర పెన్ను తేదీలు

పోయిన నెల "మళ్ళీ బడికి" అని రాశాక నాకు పద్దెనిమిది ఉత్తరాలు వచ్చాయి. నేను లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తున్నానని రాసిన ఒక్క వాక్యం పట్టుకుని దాదాపు అందరూ అడిగిందొకటే: "అదేం చదువండీ, అందులో మనకేం అవకాశాలుంటాయి?" మా అత్తయ్య గారైతే రెండేళ్ళ క్రితమే ఫోన్లో అడిగేశారు. "పుస్తకాలు సర్దడానికి కూడా ఎమ్మే చదవాలా అమ్మాయ్?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడకి బాకీ పడ్డ జవాబు ఈ నెల మీ అందరికీ రాస్తున్నాను.

నాది మైక్రోబయాలజీ డిగ్రీ. పెళ్ళయ్యాక హెచ్4 మీద డల్లాస్ దగ్గరికి వచ్చాను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నాకు కారు ఇచ్చిన రోజల్లా వెళ్ళిన చోటు మా ఊరి పబ్లిక్ లైబ్రరీ ఒక్కటే. ఏసీ ఉంటుంది, డబ్బు అడగరు, పిల్లలు అరిచినా మరీ అంత కోప్పడరు. అక్కడ స్టోరీ టైమ్ చేసే ఆవిడ ఒకరోజు "నువ్వు పక్కవాళ్ళకి కూడా పుస్తకాలు వెతికిపెడుతున్నావే, ఇదే చదవకూడదూ?" అంది. ఆ రాత్రి వెతికితే తెలిసింది, ఇక్కడ లైబ్రేరియన్ అనిపించుకోవాలంటే చాలా చోట్ల అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ డిగ్రీ అడుగుతారని. దాన్నే అందరూ ఏఎల్ఏ అంటారు. అమెరికా, కెనడా, ప్యూర్టో రికోలలో కలిపి అరవైకి పైగా విద్యాసంస్థల్లో ఆ గుర్తింపు ఉన్న కోర్సులున్నాయి. చాలావాటిని పూర్తిగా ఆన్‌లైన్‌లోనే చదవచ్చు. జీఆర్ఈ అడగనివీ చాలానే ఉన్నాయి. మన మూడేళ్ళ బీఎస్సీని కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. అది మాత్రం దరఖాస్తు రుసుము కట్టే ముందే అడగండి.

హెచ్4 మీద చదువుకోవడానికి ఎఫ్1కి మారనక్కర్లేదు. కాబట్టి చేరడం తేలికైన పనే. కష్టం చేరాక మొదలైంది.

ఆన్‌లైన్ చదువులో ఒక చిక్కుంది. పాఠాలు వస్తాయి, మార్కులు వస్తాయి, మనుషులు మాత్రం రారు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి వంటగది బల్ల మీద క్యాటలాగింగ్ అసైన్‌మెంట్ చేసి పంపిస్తాను. నేనెవరో మా ప్రొఫెసర్‌కి తెలియదు, ఆవిడ గొంతు తప్ప నాకూ ఏమీ తెలియదు. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి రెండు కోర్సుల్లోనూ ఏ గ్రేడ్ వచ్చింది కానీ, నన్ను గుర్తుపట్టే లైబ్రేరియన్ ఒక్కరూ లేరు. ఈ వృత్తి చిన్నది. ఒక ఉద్యోగం పడితే డిగ్రీ ఉన్నవాళ్ళు బోలెడంతమంది పోటీకి వస్తారు. అప్పుడు మన పని చూసినవాళ్ళు ఒక్కరున్నా లెక్క మారిపోతుంది.

అందుకే వచ్చిన అవకాశానికల్లా దరఖాస్తు పెట్టడం మొదలుపెట్టాను. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. ఒక స్కాలర్‌షిప్ కోసం రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని వ్యాసం రాశాను. ప్రొఫెసర్‌ని బతిమాలి సిఫారసు ఉత్తరం తెప్పించుకున్నాను. అంతా పెట్టి పంపించే ముందు ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో చూశాను: పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అప్పుడు డ్రయ్యర్‌లోంచి బట్టలు తీస్తున్నాను. వేడి తువ్వాలు మొహానికి పెట్టుకుని కాసేపు ఏడ్చాను. మా వారు చూసి, "ముందు ఆఖరి పేజీ చదవాల్సింది" అన్నారు. ఆయన టెస్టింగ్‌లో పనిచేస్తారు లెండి. కోపం వచ్చింది కానీ ఆ మాట నిజమే. అప్పటినుంచి ఏ అవకాశాన్నైనా కింద నుంచి పైకి చదువుతున్నాను: ముందు అర్హత, తర్వాత గడువు, ఆ తర్వాతే డబ్బెంత అన్నది.

అలా చదివి చదివి అవకాశాలన్నిటినీ మూడు కుప్పలు చేసుకున్నాను. మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

మొదటి కుప్ప, పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడిగేవి. ఏఎల్ఏ వాళ్ళు 1997లో మొదలుపెట్టిన స్పెక్ట్రమ్ స్కాలర్‌షిప్ చాలా పేరున్నది, 5,000 డాలర్లు ఇస్తారు. అల్పసంఖ్యాక జాతుల నుంచి వచ్చిన విద్యార్థుల కోసమే అది. మనలాంటి ముఖాలు ఈ వృత్తిలోకి రావాలనే పెట్టారు. కానీ గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్ళకి కాదు. మీకు గ్రీన్‌కార్డు వచ్చి ఉంటే ఈ కుప్ప మీదే, వదలకండి. మీ అమ్మాయి ఇక్కడ పుట్టి ఇంగ్లీషో హిస్టరీయో చదివి ఏం చేయాలో తోచక ఉంటే ఆమెకీ చెప్పండి.

రెండోది, పని చేసే అనుమతి అడిగేవి. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, లైబ్రరీలో గంటల లెక్కన ఉద్యోగం, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ అన్నీ ఇందులోకే వస్తాయి. హెచ్4 వాళ్ళకి పని అనుమతి కార్డు 2015 నుంచి ఇస్తున్నారు కానీ, అది భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 ఆమోదం అయినవాళ్ళకే ఎక్కువగా వర్తిస్తుంది. నాకు ఆ కార్డు ఉన్నప్పుడు ఒక లైబ్రరీలో వారానికి పదిహేను గంటల పని దొరికింది. రిటర్న్ అయిన పుస్తకాలు బండిలో పెట్టుకుని అరల్లో సర్దే పని. అత్తయ్య గారు ఫోన్లో చెప్పిన పనే అన్నమాట! ఏడు నెలలు సంతోషంగా చేశాను. కార్డు గడువు అయిపోయింది, కొత్తది సమయానికి రాలేదు. ఒక శుక్రవారం బ్యాడ్జి తిరిగి ఇచ్చేసి వచ్చాను. అక్కడివాళ్ళు మంచివాళ్ళే, కేకు కూడా కోశారు. ఆ కేకు తినడం నా వల్ల కాలేదు.

ఎఫ్1 మీద చదివేవాళ్ళకి ఇక్కడో ముఖ్యమైన మాట. చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ ఏడాది ఉంటుంది. దానికి మరో రెండేళ్ళ పొడిగింపు రావాలంటే మీ కోర్సు స్టెమ్ జాబితాలో ఉండాలి. లైబ్రరీ సైన్స్ కోడ్ కింద నమోదైన డిగ్రీకి ఆ పొడిగింపు రాదు, ఇన్ఫర్మేషన్ సైన్స్ కోడ్ కింద ఉన్నదానికి వస్తుంది. ఒకే రకం పాఠాలకి ఒక్కో యూనివర్సిటీ ఒక్కో కోడ్ పెట్టుకుంటుంది. చేరే ముందే ఆ కోడ్ ఏమిటో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మూడో కుప్పకి వీసాతో పనిలేదు. బ్యాడ్జి పోయిన ఆ శుక్రవారం వరకూ దాని మొహమే చూడలేదు నేను. కాన్ఫరెన్సులు, వెబినార్లు, విద్యార్థి సంఘాలు, మెంటరింగ్, రెజ్యూమె చూసిపెట్టే బల్లలు, పోస్టర్ ప్రదర్శనలు ఇవన్నీ ఇందులోవే. ఏఎల్ఏ పెద్ద సమావేశం ఏటా జూన్ చివర్లో ఒక్కో ఊళ్ళో జరుగుతుంది. విద్యార్థులకి సభ్యత్వం, ప్రవేశ రుసుము రెండూ బాగా తక్కువ. అందులో న్యూ మెంబర్స్ రౌండ్ టేబుల్ అని కొత్తవాళ్ళ కోసమే ఒక విభాగం ఉంది. మొదటిసారి కాన్ఫరెన్సుకి వచ్చేవాళ్ళకి దారి చూపిస్తారు, రెజ్యూమెలు దిద్దిపెడతారు. అంత దూరం వెళ్ళలేకపోతే ప్రతి రాష్ట్రానికీ ఒక లైబ్రరీ అసోసియేషన్ ఉంటుంది. మా టెక్సస్‌ది 1902 నాటిది, వాళ్ళ సమావేశం ఏటా వసంతంలో జరుగుతుంది.

అది మాకు దగ్గర్లో జరిగిన ఏడాది వెళ్ళాలనుకున్నాను. మూడు రోజులు. ఇంట్లో చెప్పడానికి నాకు వారం పట్టింది. ఉద్యోగం లేదు, కార్డు లేదు, చేతినుంచి డబ్బు పెట్టి మూడు రోజులు తిరిగి రావడానికి నేనెవరిని? మా వారు కాదనలేదు. "పిల్లల్ని నేను చూసుకుంటాలే, వెళ్ళిరా" అన్నారు. కాదన్నది నా లోపలి మనిషే. రెండు పూటలకి పప్పు, వేపుడు చేసి డబ్బాల మీద పేర్లు రాసి మరీ వెళ్ళాను. (తిరిగొచ్చి చూస్తే డబ్బాలు అలాగే ఉన్నాయి. ముగ్గురూ పిజ్జా తిన్నారు.)

మొదటి పూటంతా గోడలు పట్టుకుని తిరిగాను. పుస్తకాల స్టాళ్ళ దగ్గర ఇంకా విడుదల కాని నవలల ముందస్తు ప్రతులు ఉచితంగా ఇస్తుంటే, సిగ్గుపడి తీసుకోలేదు. మధ్యాహ్నం రెజ్యూమెలు చూసే బల్ల దగ్గర ఖాళీ కనబడితే కూర్చున్నాను. తల నెరిసిన ఆవిడ నా కాగితం చూసి, "ఈ చదువుకి ముందు ఏం చేశావు?" అని అడిగింది. "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉన్నాను" అన్నాను. "అంతకు ముందు?" అంది. "మైక్రోబయాలజీ చదివాను" అన్నాను. ఆవిడ పెన్ను తీసి, రెండో పేజీలో అడుగున ఉన్న నా డిగ్రీకి గీత గీసి, మొదటి పేజీ నెత్తి మీదికి బాణం వేసింది. "హాస్పిటల్ లైబ్రరీల్లో, మెడికల్ కాలేజీల్లో సైన్సు తెలిసిన లైబ్రేరియన్ల కోసం వెతుకుతుంటారు. దీన్ని ఎందుకు దాచావు?" అంది.

దాచానని నాకే తెలియదు. పన్నెండేళ్ళ కిందటి డిగ్రీ కదా, మాసిపోయి ఉంటుందనుకున్నాను.

ఆవిడ చెప్పాకే తెలిసింది, పబ్‌మెడ్ నడిపే నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌కి దేశమంతా ఒక నెట్‌వర్క్ ఉందని, అది లైబ్రేరియన్లకి ఆరోగ్య సమాచారం మీద ఉచితంగా ఆన్‌లైన్ తరగతులు నేర్పుతుందని. వీసా అడగరు, డబ్బు అడగరు. నాలుగు పూర్తి చేశాను. మెడికల్ లైబ్రరీ అసోసియేషన్ అని 1898 నుంచి ఉన్న సంఘంలో విద్యార్థి సభ్యత్వం తీసుకున్నాను. మందుల పేర్లు, సూక్ష్మజీవుల పేర్లు చూస్తే పుట్టింటికి వెళ్ళినట్టుంది.

ఇంటికొచ్చాక ఇంకొకటి గుర్తుకొచ్చింది. భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడు రంగనాథన్ గారు మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయ్యారు. మాది తెనాలి వైపు. 1935లో పాతూరి నాగభూషణం గారు మా వైపు కాలువల్లోనే పడవ మీద గ్రంథాలయం నడిపారు. ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళకి పుస్తకాలు పడవలో వచ్చేవి. అంతకు ముందే 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదటి సమావేశం జరిగింది. అదీ కాన్ఫరెన్సే! ఇదేదో పరాయి వాళ్ళ వ్యవహారంలో దూరానని మొదటి పూట గోడ పక్కన నిలబడి సిగ్గుపడ్డాను కానీ, మనవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

ఇక కొన్ని జాగ్రత్తలు. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా హెచ్4 మీద చేయొచ్చా లేదా అన్నది ఎవరో స్నేహితురాలు చెప్పిందని నమ్మకండి. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసునీ, లాయర్‌నీ అడగండి. నేనూ అడిగాకే నా ప్రాక్టికమ్ సంగతి ముందుకు కదిపాను. పిల్లల బడిలో లైబ్రేరియన్ కావాలని చాలామందికి ఉంటుంది. మా టెక్సస్‌లో దానికి మాస్టర్స్‌తో పాటు రెండేళ్ళు తరగతి గదిలో పాఠం చెప్పిన అనుభవం కావాలి. ఇక జీతం సంగతి. దేశం మొత్తం మీద లైబ్రేరియన్ల మధ్యస్థ జీతం ఏడాదికి 64 వేల డాలర్ల చుట్టూ ఉంది. సాఫ్ట్‌వేర్ లెక్కలతో పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది. పోల్చుకోకుండా ఉండగలిగితేనే రండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు సిలిప్ అనే సంఘం గుర్తించిన కోర్సులేవో చూసుకోండి, అక్కడా విద్యార్థి సభ్యత్వం ఉంది.

నా సంగతి ఇంకా తేలలేదు. కార్డు ఇంకా రాలేదు. ఈ డిగ్రీకి పెట్టిన డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేను. కానీ వచ్చే సమావేశంలో ఒక పోస్టర్ పెట్టడానికి ప్రతిపాదన పంపాను. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు, ఇక్కడికి పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు, మందుల గురించి సమాచారం ఎలా వెతుక్కుంటున్నారన్నది విషయం. మొదట కబురు పెట్టి అడిగింది మా అత్తయ్య గారినే. ఆవిడ గంటన్నర చెప్పారు. అంతా అయ్యాక, "అయితే ఇదా నీ చదువు? ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో చిన్నాడి పళ్ళ డాక్టరు, పెద్దదాని ఈత క్లాసు మధ్య ఆ ప్రతిపాదన ఫలితం వచ్చే తేదీ ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్నాను. ఒకప్పుడు అక్కడ నా తేదీలు ఉండేవి కావు.

మీలో ఎవరైనా ఏ దేశంలోనైనా లైబ్రరీలో పనిచేస్తుంటే నాకొక ఉత్తరం రాయండి. చదవాలనుకుంటున్నవాళ్ళు కూడా రాయండి. ఏ కుప్పలో ఏముందో కలిసి వెతుకుదాం. పోస్టర్ సంగతి ఏమైందో, ఒప్పుకున్నా కాదన్నా, తప్పకుండా చెబుతాను. ఉంటాను మరి.